సూదమ్మ చిరునామా కాగితం

పెద్ద హోటలు అడుగున, మెట్లు దిగి వెళ్ళే లాండ్రీ గదిలో పదిహేడేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న ఆ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటుంది. అది పాసుపోర్టులో తప్ప మరెక్కడా వినబడదు. అందరికీ ఆయన ఫారాల బాబాయి. వయసులో ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, తడిబట్టలను ఆవిరి యంత్రంలో పెట్టేవాడు ఆవిరి మామ. ఆయన సైతం "ఏం బాబాయ్" అనే పలకరిస్తాడు.

పరాయి దేశం వచ్చి బతికేవాళ్ళకు అన్నం కంటే ముందు కాగితం కావాలి. ఆ సంగతి వచ్చిన కొత్తలో ఎవరికీ తలకెక్కదు. పాసుపోర్టులో వీసా పడింది, విమానం దిగాం, ఇక పనిలోకి దిగడమే అనుకుంటారు. అలాంటివాళ్ళను బాబాయి దుప్పట్లు మడత పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పేవాడు.

"వీసా అంటే గుమ్మం దాటనివ్వడం, అంతే. రిజిస్ట్రేషన్ అంటే ఏ గదిలో పడుకుంటున్నావో చెప్పడం. వర్క్ పర్మిట్ అంటే ఏ పని మీద చెయ్యేస్తున్నావో చెప్పడం. మూడూ వేరువేరు. ఒకటి ఊగిందంటే తక్కిన రెండూ ఊగుతాయి. గది మారితే పద్నాలుగు రోజుల్లో చెప్పేయాలి. పెట్టె దించిన రోజు ఒకటి. మర్నాటి నుంచి కాదు, ఆ రోజు నుంచే లెక్క. గుర్తుందా?"

గుర్తుందంటారు, మర్చిపోతారు. అందుకే బాబాయే రాసిపెట్టేవాడు. ఫారంలో మొదటి గడి నింపే ముందు కలాన్ని కళ్ళకద్దుకునేవాడు. ఒక్కో అక్షరం ఒక్కో గడిలో, అంచు తాకకుండా. జేబుల్లోనూ సంచుల్లోనూ నలిగి వచ్చిన ఫారాలను పలచటి నేప్‌కిన్ కింద పెట్టి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఒక్కసారి అలా నడిపేవాడు. గురువారం ఆయనకు సెలవు. ఆ రోజు పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, వారమంతా పోగైన కాగితాలు పట్టుకుని విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్ళేవాడు. ఎవరి కాగితం వాళ్ళే తెచ్చుకోవాలని గోడ మీద రాసి ఉంటుంది. అయినా మూడో కిటికీ ఆవిడ ఆయన తెచ్చినవన్నీ తీసుకునేది. ముడతలేని ఫారం దూరం నుంచే తెలుస్తుందని నవ్వేది. ఆవిడ అలా తీసుకోవడమే వాళ్ళందరికీ పెద్ద ఉపకారం. లేకపోతే ఒక్కొక్కరూ ఒక్కో రోజు పని మానుకోవాల్సిందే.

ఇలా పదిహేడేళ్ళలో ఎన్ని కాగితాలు మోశాడో ఆయనకే తెలియదు. ఒక్కటీ ఆలస్యం కాలేదన్నది మాత్రం తెలుసు. ఆ మాట ఆయన పైకి అనేవాడు కాదు. ఎవరైనా అంటే వద్దనేవాడూ కాదు.

సూదమ్మ ఆ లాండ్రీకి వచ్చి రెండేళ్ళ రెండు నెలలైంది. చిరిగిన దుప్పట్లకూ తలగడ గలీబులకూ రఫ్ఫు చేస్తుంది. ఆమె కుట్టిన చోటు వెతుక్కోవాలంటే వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. భర్త వడ్రంగి, ఇంకా సొంతూళ్ళోనే ఉన్నాడు. అతన్ని రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. దానికి ఆమె పర్మిట్ నడుస్తూ ఉండాలి, ఇద్దరికి సరిపడే గది ఆమె పేరున ఉండాలి, ఆ గది చిరునామా నమోదై ఉండాలి. నలుగురు ఆడవాళ్ళతో కలిసి ఉన్న గది వదిలి, కిటికీ ఉన్న ఒంటిగది చూసుకుంది. ఒక గురువారం నాడు బాబాయీ, ఆయన భార్య పిన్నీ వెళ్ళి సామాను మోసిపెట్టారు. పెట్టె దించింది బాబాయే. పిన్ని పాలు పొంగించి, గడప దగ్గర చిటికెడు పసుపు పెట్టింది.

"ఇంకేముందమ్మాయ్, మీ ఆయన వస్తే ఈ తలుపు కిర్రుమనకుండా చేస్తాడు" అంది పిన్ని.

"ముందు ఆ తలుపు దాటి రానీ పిన్నీ" అంది సూదమ్మ. సిగ్గుతో కొంగు సర్దుకుంది.

సోమవారానికి ఆమె ఫారం, ఫొటో, ఇంటి యజమాని సంతకం అన్నీ బాబాయి చేతిలో పెట్టింది. గురువారం ఇచ్చేస్తే ఎనిమిదో రోజు. హాయిగా సరిపోయేది.

మంగళవారం నాడు సూపర్వైజరు ఇస్త్రీబల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ దూరం నుంచే కేకేసే మనిషి, ఆ రోజు పక్కన నిలబడి భుజమ్మీద చెయ్యేశాడు.

"బాబాయ్ గారూ, మా బావమరిది ఫారం ఒకటుంది. మీ చేత్తో వెళ్తే నాకు నిశ్చింత. వాడు ఈ వారంలో ఇవ్వలేడు. వచ్చే వారం గురువారం వరకు ఆగి, అన్నీ కలిపి తీసుకెళ్ళరాదూ?"

గారూ అన్నాడు. నలుగురూ వింటుండగా అన్నాడు. బాబాయికి చెవులు చల్లబడ్డాయి. "దానికేం బాబూ, అలాగే ఆగుతాను" అన్నాడు. ఆ గురువారం ఇంట్లోనే ఉండిపోయాడు. సూదమ్మ కాగితం గుర్తు రాకపోలేదు. ఆమె గది మారిన గురువారం నుంచి వచ్చే గురువారానికి రెండు వారాలు, రెండేడులు పద్నాలుగు, సరిగ్గా ఆఖరు రోజు, పరవాలేదు అనుకున్నాడు. పెట్టె దించిన రోజు ఒకటి అని ఊరందరికీ చెప్పిన మనిషి, తాను దించిన పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ ఒకటి వదిలేశాడు.

మరుసటి గురువారం మూడో కిటికీ ఆవిడ సూపర్వైజరు బావమరిది ఫారం తీసుకుంది. ఇంకో రెండు తీసుకుంది. సూదమ్మది చేతిలో పట్టుకుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇది పదిహేనో రోజు కదండీ" అంది ఆ దేశపు మాటలో.

బాబాయి తన వేళ్ళు మడిచి, పెట్టె దించిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే కొంత బాగుండేది. మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది. ఆలస్యానికి కారణం పది రోజుల్లో రాసివ్వాలి. ఆ మనిషే అజాగ్రత్తగా ఉంటే, ఆమె మీద ఆధారపడిన దరఖాస్తు కొట్టేస్తారు, ఆరునెలలు పోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఇంకొకరి వల్ల ఆలస్యమైతే, ఆ ఇంకొకరు స్వయంగా వచ్చి సంతకం పెట్టి వాంగ్మూలం ఇవ్వాలి. అప్పుడు దరఖాస్తు ఆగదు. చెప్పడమంతా చెప్పి, ఆవిడ ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసి కళ్ళు దించుకుంది. ఆ దించుకోవడంలో ఉన్న దయ బాబాయికి సూదిలా గుచ్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా అనుకున్నాడు, వెళ్ళగానే చెప్పేయాలి అని. రసీదులు ఎవరివి వాళ్ళకివ్వడానికి హోటలు దగ్గర దిగితే, గేటు దగ్గరే సూదమ్మ ఎదురొచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి ఆయన కోసమే నిలబడింది.

"నా కాగితం సంగతేమైంది బాబాయ్?"

"ఇచ్చానమ్మాయ్. అది... పోయిన వారం ఇచ్చిందే పక్కన పెట్టారట. ఫొటోలో వెనక రంగు కుదరలేదట. ఈలోగా రోజులు దాటిపోయాయి. కారణం రాసివ్వమన్నారు."

ఎలా వచ్చిందో ఆ మాట, అలా వచ్చేసింది. నాలుక మీద ఎవరో పెట్టినట్టు వచ్చింది. సూదమ్మ ముఖం పాలిపోయింది.

"నా ఖర్మ బాబాయ్. ఫొటో తీసే ఆయన తెల్లగోడ దగ్గర నిలబడమన్నాడు. వెలుతురు బాగుంటుందని నేనే కిటికీ వైపు జరిగాను. అంతా నా వల్లే. మీరు రెండుసార్లు తిరగాల్సి వచ్చింది." ఆయన చేతిలోని సంచి అందుకుంది. "ఇలా ఇవ్వండి, బస్సు దాకా నేను తెస్తాను."

ఆ సంచి ఆయనే మోసుకోగలడు. అయినా ఇచ్చేశాడు. ఆమె పక్కన నడవడం కంటే మట్టిలో కూరుకుపోవడం నయమనిపించింది.

తర్వాతి రోజులు బాబాయికి ఎలా గడిచాయో చెప్పాలంటే కష్టం. పనిలో ఉన్నాడు గాని పనిలో లేడు. తలగడ గలీబు ఒకటి కాలింది. పదిహేడేళ్ళలో అది రెండోది.

"బాబాయ్, హోటలాళ్ళు ఇక మీదట గోధుమరంగు గలీబులు కొంటే సరిపోతుంది" అన్నాడు ఆవిరి మామ. అందరూ నవ్వారు. సూదమ్మ నవ్వకుండా ఆ గలీబు తీసుకెళ్ళి, కాలిన చోట అదే రంగు గుడ్డ మాటేసి తెచ్చి బల్ల మీద పెట్టింది. సూపర్వైజరు కంట పడకుండా.

శనివారం ఆమె కొత్త ఫొటోలు తీయించుకొచ్చింది. ఒకటి కాదు, మూడు రకాలు. తెల్ల గోడ, లేత నీలం గోడ, ఏ గోడా లేని తెర. "వీటిలో ఏది కుదురుతుందో మీరే ఎంచండి బాబాయ్" అంది. మూడు ఫొటోల్లోనూ ఆమె పెదవులు బిగబట్టుకునే ఉంది, ఏ మాత్రం కదిలినా తప్పవుతుందన్నట్టు. బాబాయి మధ్యదాన్ని తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో తెలియదు.

సోమవారం ఇంకో పని చేసింది. గీతల కాగితం మీద తన చేత్తో రాసుకొచ్చింది. గుండ్రటి అక్షరాలు, బడిలో పంతులమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు. "అయ్యా, ఫొటో సరిగా తీయించుకోకపోవడం నా తప్పు. ఆలస్యం నా వల్లే జరిగింది. నా మీద దయతో నా భర్త దరఖాస్తు కొట్టేయవద్దు."

"దీన్ని వాళ్ళ భాషలో ఫారంలో ఎక్కించండి బాబాయ్. మీ అక్షరం చూస్తే వాళ్ళు కాదనరు."

"అలాగేనమ్మాయ్" అన్నాడు.

బుధవారం పొద్దున పనికి వెళ్ళే ముందు బాబాయి వంటింటి బల్ల మీద కారణాల ఫారం పరుచుకున్నాడు. పక్కన సూదమ్మ గీతల కాగితం. కలం కళ్ళకద్దుకున్నాడు. పేరు గడి నింపాడు, చిరునామా గడి నింపాడు. కారణం అన్న చోటికి వచ్చాడు. ఆమె తప్పు అని రాయాలి. రాస్తే మర్నాటికి ఆ వడ్రంగి దరఖాస్తు పోయినట్టే. ఆరునెలలని ఆవిడ అంది గాని, మళ్ళీ మొదటి నుంచి అంటే ఏడాది కూడా కావచ్చు. ఫారంలో ఆ గడి పొడుగ్గా, ఖాళీగా, నోరు తెరుచుకుని ఉంది. కలం కళ్ళకద్దుకుని అబద్ధం రాయబోతున్నానన్న సంగతి అప్పుడు తట్టింది ఆయనకు.

పిన్ని టీ తెచ్చి పెట్టింది. నిన్నటి టిఫిన్ డబ్బా కడగడానికి మూత తీసింది. అన్నం అన్నంలాగే ఉంది.

"నాలుగు రోజులుగా చూస్తున్నాను. డబ్బా వెళ్ళినట్టే వస్తోంది. ఒంట్లో బాలేదా, మనసులో బాలేదా?"

బాబాయి కలం పక్కన పెట్టేశాడు. చెప్పాడు. సూపర్వైజరు గారూ అనడం దగ్గర నుంచి మొదలుపెట్టి, బస్సు దాకా సంచి మోయించుకోవడం వరకు ఏదీ వదలకుండా చెప్పాడు. చెప్తున్నంతసేపూ బల్ల వైపే చూశాడు.

పిన్ని డబ్బా కడిగింది. తుడిచింది. గూట్లో దేవుడి బొమ్మ ముందు దీపం వెలుగుతూనే ఉంది. అటు వెళ్ళి వత్తి ఎగదోసి వచ్చింది.

"ఇక్కడ ఎన్ని దండాలు పెట్టుకున్నా సరే గాని, ముందు ఆ పిల్లకి చెప్పండి. దేవుడు వింటాడు, ఎప్పుడైనా వింటాడు. ఆ పిల్లకి రేపే గడువు లాంటిది."

"నా మీద ఎంత నమ్మకం పెట్టుకుందో తెలుసా నీకు?"

"అదేగా చెప్తున్నాను." పిన్ని గొంతులో కోపం లేదు. డబ్బాలో మళ్ళీ అన్నం పెట్టి, కూర కొంచెం ఎక్కువ వేసి మూత బిగించింది. "తింటారా, ఇది కూడా తిరిగొస్తుందా?"

రఫ్ఫు చేసే గది లాండ్రీకి ఆనుకుని చిన్న అర. ఒక దీపం, ఒక కుర్చీ, గోడకు దారాల కండెలు. మధ్యాహ్నం విరామంలో బాబాయి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. సూదమ్మ లేచి కుర్చీ ఆయనకిచ్చి, తాను దుప్పట్ల మూట మీద కూర్చుంది.

"ఎక్కించారా బాబాయ్?"

"లేదమ్మాయ్. నీ ఫొటో బాగానే ఉంది. మొదటిదే బాగుంది. నేను పోయిన గురువారానికి ముందు గురువారం అసలు వెళ్ళలేదు. సూపర్వైజరు ఆగమంటే ఆగాను. ఆ తర్వాత వారం వెళ్తే పదిహేనో రోజయింది. నీకు చెప్పలేక ఫొటో మీద పెట్టాను."

ఆమె చేతిలో సూది సగం గుచ్చినది అలాగే ఆగింది. పై అంతస్తు బట్టల బుట్టలు జారి పడే చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి సూది అవతలికి లాగింది, ముడి వేసింది, దారం తెంపింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"గురువారమే."

"ఇవాళ బుధవారం" అంది. ఆరు రోజులని ఆమె అనలేదు. ఆయనకు వినబడింది. "రోజూ అద్దంలో చూసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను బాబాయ్. మా ఆయనకి ఫోన్‌లో ఏం చెప్పానో తెలుసా? నా మొహం తగలెయ్య, నా మొహం వల్లే ఆగిపోయిందని చెప్పాను. పోనీలే, నీ మొహం బాగానే ఉంటుందిలే అన్నాడు."

బాబాయి తల ఎత్తలేకపోయాడు. వయసులో కూతురు లాంటి మనిషి ముందు ఆయన చేతులు వాటంతటవే జోడించుకోబోయాయి. సూదమ్మ చప్పున లేచి, "వద్దు, అలా చెయ్యకండి" అంది. ఆ మాటలో గౌరవం ఉందో, విసుగుందో ఆయనకు తెలియలేదు. రెండూ ఉన్నాయేమో.

"రేపు నేనే వెళ్తాను. నా చేత్తో నేను రాసి సంతకం పెడతాను. మీ ఆయన దరఖాస్తు ఆగదు. మూడో కిటికీ ఆవిడే చెప్పింది."

"నేనూ వస్తాను" అంది సూదమ్మ.

మర్నాడు కార్యాలయం వరండాలో ఎప్పటిలాగే బారు. తలుపు దగ్గర కాపలాదారు ఆయన్ను గుర్తుపట్టి నవ్వి, నడుం నొప్పివాళ్ళ కోసం దాచే కుర్చీ చూపించాడు. బాబాయి కూర్చోలేదు. వరసలో తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు. "ఇవాళ ఎవరి కాగితం బాబాయ్?" అని ఒకావిడ అడిగింది. "నాదేనమ్మా" అన్నాడు.

మూడో కిటికీ ఆవిడ వాంగ్మూలం అందుకుంది. ముడత లేదు. కానీ ఆ కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తప్పు తనదని రాసిస్తే, రాసినవాళ్ళ ఎదుటా నష్టపోయినవాళ్ళ ఎదుటా దాన్ని పైకి చదివి, ఇద్దరూ ఔనన్నాకే ముద్ర వేస్తారు. ఆవిడ గొంతు వీలైనంత తగ్గించి చదివింది. అయినా కిటికీకి అవతల వరస నిశ్శబ్దమైపోయింది. ఇంకొకరి ఫారం కోసం ఆగి ఈమె ఫారం ఆపానని, రోజుల లెక్క తెలిసీ తప్పానని, పైగా ఫొటో బాగాలేదని ఈమెకు అబద్ధం చెప్పానని, అన్నీ రాశాడు బాబాయి. ఒక్కో అక్షరం ఒక్కో గడిలో.

"ఇది నిజమేనా?" అని సూదమ్మను అడిగింది ఆవిడ.

రెండేళ్ళలో నేర్చుకున్న ఆ దేశపు మాటలు కూడదీసుకుని సూదమ్మ అంది, "నిజమే. కానీ చివరి వాక్యం కొట్టేయండి."

"ఎందుకు?"

"ఆలస్యం మీ సంగతి. ఆ ఫొటో మాట మా ఇంటి సంగతి."

ఆవిడ ఒక క్షణం ఆలోచించి, ఆ వాక్యం మీద గీత గీసింది. కొట్టివేతకు ఇద్దరూ పొడి సంతకాలు పెట్టాలంది. సూదమ్మ పెట్టింది. బాబాయి వంతు వచ్చింది. ఆ వాక్యం ఉండిపోతేనే బాగుండుననిపించింది ఆయనకు. ఉంటే ఎంతో కొంత బరువు ఆ కార్యాలయం మోసేది. ఇప్పుడు అదంతా ఇంటికి తీసుకెళ్ళాలి. కలం కళ్ళకద్దుకోకుండానే సంతకం పెట్టాడు.

ముద్ర పడింది. భర్త దరఖాస్తు యథాతథంగా నడుస్తుందని, ఇంటర్వ్యూ తేదీ మారదని ఆవిడ రాసి సూదమ్మకు ఇచ్చింది. ఆ తర్వాత బాబాయి వైపు తిరిగింది. "ఇది మీ దస్త్రంలో ఉంటుంది. ఇక నుంచి ఎవరి కాగితాలూ మీరు తేకూడదు. నాకు బాధగానే ఉంది" అంది. ఆయన తలూపాడు. వరసలో నిలబడ్డ ఒకావిడ, ఇందాక పలకరించినామె, తన సంచిలోంచి బయటికి తీసిన ఫారాన్ని మళ్ళీ లోపల పెట్టుకుంది. ఆయన చూడలేదనుకుని పెట్టుకుంది.

బయటికొచ్చాక సూదమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. బస్టాపు దాకా ఇద్దరూ కలిసే నడిచారు. బస్సు వచ్చింది.

"మీరెక్కండి బాబాయ్. నేను నడిచొస్తాను."

"చాలా దూరమమ్మాయ్."

"పరవాలేదు. ఇవాళ మీ పక్కన కూర్చోలేను." అని, ఆ మాట మరీ కరుకుగా పడిందనుకుందో ఏమో, "మెట్టు ఎత్తుగా ఉంది, చూసి ఎక్కండి" అంది. ఆయన ఎక్కేదాకా మోచేతి కింద చెయ్యి ఆసరా ఇచ్చి, వదిలేసింది.

బాబాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఆమెను దాటి ముందుకు పోయింది. ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తల వంచి, ఏదో చెప్తూ నడుస్తోంది. ఏం చెప్తోందో ఆయనకు తెలుసు. ఎవరి తప్పని చెప్తోందో తెలియలేదు. కండక్టరు వచ్చి ఎక్కడికని రెండోసారి అడిగేదాకా, ఎక్కడ దిగాలో కూడా ఆయనకు తోచలేదు.